వరహాలు మార్చిన గుమ్మం

ఉక్కు తయారయ్యే ఊళ్లో ఉంటూ చెక్క గోడతో తుపాకీ గుండును ఆపుతానన్నవాణ్ణి గాజువాక జనం ఊరికే వదులుతారా? "గుండొత్తే గడియెట్టేత్తావేటి బావా?" అని టీకొట్టు దగ్గర ఆటపట్టించారు. వడ్రంగి వరహాలు నవ్వేసి టీ గ్లాసు అందుకున్నాడు.

ఓడరేవు దారిలో మందుగుండు దాచే గోదాముకు కాపలా గది కావాలి. పాత ఇనుప గది ఎండకు పెనంలా కాలుతోందని ఈసారి చెక్కది కట్టమన్నారు. అందులో తుపాకీ పట్టుకుని కూర్చోబోయేది వరహాలు కూతురు దేవిశ్రీ. బిడ్డకు ఉద్యోగం దొరికిందన్న సంతోషం ఎంతో, బెంగా అంతే.

మొదట మందపాటి టేకు పలకలు చాలనుకున్నాడు. పరీక్షకు కాలిస్తే గుండు ఇవతల దూరి అవతల తేలింది. అతని మొహం చిన్నబోయింది. అప్పుడు ఇంజనీరు ఇంద్రజ గీసిచ్చిన బొమ్మ ప్రకారం రెండు చెక్క గోడలు నిలిపి, మధ్య మూరెడు సందులో కంకర కూరాడు. ఈసారి గుండ్లన్నీ కంకరలోనే నలిగి చచ్చాయి. లోపలి చెక్క మీద గీత కూడా పడలేదు. వరహాలు ఇంద్రజకు రెండు చేతులూ ఎత్తి దండం పెట్టాడు.

గది నిలిచాక మురిసిపోతూ కూతుర్ని తీసుకొచ్చి చూపించాడు. లోపల కూర్చోగానే దేవిశ్రీ మొహం ముడుచుకుంది.

"నాన్నా, తలుపు రోడ్డుకెదురుగా ఎట్టినావేటి?"

"రోడ్డేటే, అది తూరుపు. ఇంజనీరమ్మ దచ్చిణాన ఎట్టమంది. యముడి దిక్కున గుమ్మమెట్టి నా బిడ్డని కూకోబెడతానా? నానే మార్చేసినాను."

"గోడకి కంకరేసి తలుపుకి ఉత్త సెక్కేసినావు. తుపాకీ పట్టుకొచ్చేవోడు వాస్తు సూసుకునొత్తాడేటి నాన్నా?"

ప్రేమకొద్దీ తాను చేసిన పని బిడ్డ గుండెకే గురిపెట్టిందని వరహాలుకు తెలిసొచ్చింది. ఇంద్రజ దగ్గరికి తనే వెళ్లి చెప్పి, చీవాట్లు తిన్నాడు. తినాల్సినవే. తూర్పు గుమ్మం పూడ్చి కంకర నింపాడు. గోదాము గోడ అడ్డున్న దక్షిణం వైపు కొత్త గుమ్మం కోసి, యముడి సంగతి యముడే చూసుకుంటాడంటూ దానికి పసుపు రాశాడు.

దేవిశ్రీ డ్యూటీలో చేరిన పొద్దున వరహాలు రోడ్డు మీద, శత్రువు నిలబడే చోట తాను నిలబడి, గదివైపు ఇటూ అటూ వంగి చూశాడు.

"నానిక్కడే ఉన్నాను నాన్నా!"

గోడకు తుపాకీ కోసం వదిలిన సన్నని కంతలోంచి గొంతు వినిపించిందే తప్ప మనిషి ఎక్కడా కనిపించలేదు. కన్నకూతురు కంటికి కనబడనందుకు అంత సంబరపడిన తండ్రి గాజువాకలో ఇంకొకడు ఉండడు.