సర్పంచమ్మ నోటి మాట

2023 వానాకాలం. సత్యవేడు అవతల, తమిళనాడు సరిహద్దున ఉన్న ఒక ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో నేను స్టాఫ్ నర్సుని. ఒక మధ్యాహ్నం రేవతిని ఆమె అత్త ఆటోలో తీసుకొచ్చింది. ఎనిమిదో నెల. మహిళలకు కేటాయించిన సీటులో గెలిచి, తన ఊరికి సర్పంచి అయిన మనిషి.

ముఖం ఉబ్బింది. విపరీతమైన తలనొప్పి, కళ్ళ ముందు మెరుపులు. బీపీ నూట డెబ్బై దాటింది. దీన్ని ప్రీఎక్లాంప్సియా అంటాం. ఏ క్షణమైనా ఫిట్స్ వచ్చి తల్లీబిడ్డా ఇద్దరూ పోవచ్చు. డాక్టరు గారు ఫిట్స్ రాకుండా మెగ్నీషియం ఇంజెక్షన్ చేయించి, వెంటనే తిరుపతికి రిఫర్ చేశారు. 108 అంబులెన్సు వాకిట్లోకి వచ్చి నిలబడింది.

అత్త స్ట్రెచరుకు అడ్డం నిలబడింది. "మా వోడు తడ టవునుకు పొయ్యినాడు. వాడు రానీ. వాన్ని అడగకుండా యాడికీ తీసకపొయ్యేది ల్యా."

నేను చేసి చూశాను. రేవతి భర్త ఫోను స్విచాఫ్.

"ఊరికి సర్పంచి ఈమే కదవ్వా?" అన్నాడు అంబులెన్సు డ్రైవరు.

"సర్పంచి మా వోడేప్పా. ఈమెది పేరు మాత్రమే. నువ్వు బండి తోలేది సూసుకో."

"తోల్తానవ్వా, నువ్వు అడ్డం ల్యాకుంటే!"

నిజానికి రోగి స్పృహలో ఉంటే ఆమె మాటే చాలు. నేను వంగి అడిగాను. "నువ్వు చెప్పమ్మా, పోదామా?"

"ఆయన్ని అడగండక్కా," అంది రేవతి, కళ్ళు మూసుకునే.

అత్తనైతే పక్కకు జరపవచ్చు. ఈమె లోపల అడ్డంగా నిలబడ్డదాన్ని ఎవరు జరుపుతారు? దేవుడు స్త్రీని కూడా తన పోలికలోనే చేశాడని ప్రతి ఆదివారం సండే స్కూల్లో పిల్లలకు చెప్తాను. ఆ పోలిక నా కళ్ళెదుట, భర్త ఫోను కోసం ఎదురుచూస్తూ చచ్చిపోయేలా ఉంది. ఆమె వేళ్ళు వాటంతటవే అదరడం మొదలైంది. 'ప్రభువా, ఈ బిడ్డ నోరు తెరువు' అని లోలోపల ప్రార్థించాను.

"రేవతీ, ఇంకాసేపుంటే నీకు మాట రాదు. ఆయనొచ్చినా అడగడానికి నువ్వుండవు. పోదామా?"

ఆమె కళ్ళు తెరిచి అత్త వైపు చూసింది. తర్వాత నా చెయ్యి పట్టుకుంది.

"పోదామక్కా."

అత్తను తప్పించి ఎక్కించాం. నేనూ ఎక్కాను. పుత్తూరు రాకముందే ఫిట్స్ వచ్చాయి. ఆమె నాలుక తెగకుండా, ఊపిరి ఆగకుండా కాచుకుంటూ ఉండగా ఆమె భర్త నా ఫోనుకు తిరిగి చేశాడు.

"ఎవుర్ని అడిగి పంపించినారు?"

"సర్పంచి గారిని," అన్నాను.

తిరుపతిలో ఆపరేషన్ చేశారు. దేవుని కృప, ఇద్దరూ దక్కారు.

తర్వాత బిడ్డకు టీకా వేయించడానికి రేవతి వచ్చింది. మళ్ళీ నెల రమ్మన్నాను. "ఆయన్ని అడిగి వస్తానక్కా" అంది నవ్వుతూ. నాకు నవ్వు రాలేదు.

ప్రాణం మీదికి వచ్చాక ఒక్కసారి చెప్పిన 'పోదాం' అలవాటుగా నిలవదని నేర్చుకున్నాను. అందుకే గర్భిణి మొదటిసారి వచ్చిన రోజే, భర్త ముందే, అత్త ముందే అడుగుతున్నాను: "నీకు ఆపదొస్తే పోదామని చెప్పాల్సింది ఎవరు?" చాలామంది పక్కనున్న భర్త వైపో అత్త వైపో చూస్తారు. "నేనే" అనేదాకా మళ్ళీ అడుగుతాను.