నాలుగు సెకన్ల చూపు

మా పిన్ని కూతురిని ఇంట్లో అందరూ కత్తెర అనే పిలుస్తారు. టీవీ డాక్యుమెంటరీలకు ఎడిటింగ్ చేయడం ఆమె వృత్తి. ఇరవై రెండేళ్లుగా కిటికీ లేని ఒక గదిలో, రెండు తెరల ముందు, ఏసీ చలికి శాలువా కప్పుకొని కూర్చుంటుంది. సెకనుకు ఇరవై అయిదు ఫ్రేములు. మనం నిమిషాలలో చెప్పుకొనే కాలాన్ని ఆమె ఫ్రేములలో కొలుస్తుంది. మాట తప్పదు, పని ఆలస్యం చేయదు. చిన్నప్పుడు నా దగ్గర చదువుకున్న రోజుల్లో కూడా కొట్టివేతలు లేని నోటుపుస్తకం ఆమెదొక్కటే.

ఆమె పనిచేసే కార్యక్రమాన్ని నడిపే వ్యాఖ్యాతను ఆఫీసులో పెద్దాయన అంటారు. ఆయన తెరమీద నడుస్తూ మనవైపు తిరిగి, “రండి, చూద్దాం” అంటే చాలు, చేతిలోని రిమోటు కిందపెట్టేస్తాం. అందులోని కిటుకేమిటని నేనొకసారి అడిగాను.

“సమాచారం ఎవడిక్కావాలక్కా? జనానికి తోడు కావాలి. ఆయన తలుపు తోస్తే మనమే తోసినట్టుండాలి. ఆయన ముక్కు మూసుకుంటే మన ఇంట్లో కంపు కొట్టాలి. ఆయన నమ్మితే నమ్ముతాం, లేకపోతే లేదు.”

“మరి ఆయన ఎప్పుడు నమ్మాలో ఎవరు చెబుతారే?”

“నేనే!” అని నవ్వింది.

అది గొప్పకు అన్నమాట కాదు. వాళ్ల దగ్గర ఉండేది ఒకటే కెమెరా. ముందుగా, ఎదుటి మనిషి జవాబులు చెబుతుండగా అతని ముఖాన్ని చిత్రీకరిస్తారు. అతడు వెళ్లిపోయిన తరువాత కెమెరాను ఇటు తిప్పి, ఖాళీ కుర్చీ ముందు పెద్దాయన తల ఊపడం, కనుబొమ ఎత్తడం, మౌనంగా చూడటం విడిగా తీసుకుంటారు. గుండీల డబ్బాలోంచి గుండీ ఏరినట్లు కత్తెర ఆ చూపులలో ఒకదానిని ఏరి, కావలసిన చోట కుడుతుంది.

నిరుడు వాళ్లు ఒక పేటలోని మంచినీళ్ల మీద డాక్యుమెంటరీ తీశారు. ఆ పేటలో పిల్లలు వరుసగా జబ్బుపడ్డారు. ముప్పై ఒక్క సంవత్సరాలుగా అక్కడ పనిచేస్తున్న పంపు ఆపరేటరును పెద్దాయన ఇలా అడిగారు: “ట్యాంకులో బ్లీచింగ్ పౌడరు రోజూ కలుపుతారా?” ఆయన, “కలుపుతానండీ, రోజూ పొద్దున్నే” అన్నాడు. అంతే, జవాబు చప్పగా ముగిసింది. కత్తెర అక్కడ పెద్దాయన మౌనపు చూపు నాలుగు సెకన్లు అతికించింది. నిజానికి ఆ చూపు, కారు టైరులో గాలి పోయిందని కెమెరామన్ చెబుతుండగా వచ్చినది. ఆ వెంటనే ఆపరేటరు తలదించుకొన్న దృశ్యం చేర్చింది. అది ప్రశ్నకు ముందు, చొక్కాకు తగిలించిన మైకు జారుతోందేమోనని ఆయన చూసుకొన్న క్షణం. మొత్తం మీద ఒక్క మాటైనా అబద్ధం లేదు.

ప్రసారమైన సాయంత్రం మేమంతా కత్తెర ఇంట్లోనే కూర్చొని చూశాం. ఆ చూపు, వెంటనే ఆపరేటరు దించుకొన్న తల కనబడగానే ఆమె అత్తగారు లేచి నిలబడింది.

“వీడేనే! ఆ మొహం చూడండి, అబద్ధం కారిపోతోంది!”

“అమ్మా, నువ్వు జడ్జివి కావాల్సిందే. సాక్షులక్కూడా పని లేకుండా పోయేది” అన్నాడు కత్తెర భర్త.

అందరం నవ్వాం. “అలాంటివాణ్ణి ముందు ఉద్యోగంలోంచి తీసెయ్యాలి” అన్నది నేనే, దాచను. తరువాత పన్నెండు నిమిషాలకు, మురుగుకాలువ పక్కన పగిలిన పైపును పెద్దాయన స్వయంగా వంగి చూపించారు. జబ్బులకు అదే కారణమని స్పష్టంగా చెప్పారు. కానీ మర్నాడు మా ఇంట్లో ఎవరికీ పైపు గుర్తు లేదు, ఆ ముఖమే గుర్తుంది.

పది రోజుల తరువాత కెమెరామన్ వచ్చి కత్తెరతో, “ఆ పంపాయన మీద విచారణ వేశారు మేడం. వీధిలో ఆడవాళ్లు ఆయన్ని చూసి బిందెలు పక్కకి లాక్కుంటున్నారట. వచ్చే ఆదివారం మన ప్రోగ్రాం మళ్లీ వేస్తున్నారుగా, ఇంక చూసుకోండి” అన్నాడు.

ఆ మధ్యాహ్నం ఆమె తెచ్చుకొన్న క్యారియరు మూత తీయలేదు. కోయక ముందరి చిత్రీకరణ అంతా మొదటి నుంచి తిరగవేసింది. అందులో, స్టాండు మీద పెట్టి ఆపడం మరిచిన కెమెరా పట్టిన నలభై సెకన్ల దృశ్యం కనబడింది. ఎవరో చూస్తున్నారని తెలియని ఆపరేటరు బకెట్లో పౌడరు పోసి, కర్రతో కలిపి, ఉండలు కరిగేదాకా ఓపికగా నిలబడి, తేటను ట్యాంకులో పోస్తున్నాడు. ఆ షాట్‌కు ఎదురుగా జాబితాలో ‘పనికిరాదు’ అని వ్రాసి ఉంది. దస్తూరీ ఆమెదే.

శుక్రవారం ఆమె పెద్దాయన దగ్గరకు వెళ్లింది.

“నేనాయన్ని ఒక్క మాటన్నానా అమ్మాయ్?”

“అనలేదండీ. అన్నట్టు నేను చేశాను.”

“సరే, ఆ చూపు తీసెయ్. కానీ ఈ బకెట్ మాత్రం వద్దు. నలభై సెకన్లు బకెట్ చూపిస్తే జనం చానెల్ మారుస్తారు. ఈ సంగతి నాకు నేర్పింది నువ్వే.”

నిజంగానే నేర్పింది ఆమె. వెనుదిరిగింది.

శనివారం పొద్దున, ల్యాప్‌టాప్ సంచిలో పెట్టుకొని పంపుహౌస్‌కు వెళ్లింది. ఆపరేటరు ఆమెను ఎరగడు. తానెవరో, ఏమి చేసిందో, ఆ చూపు ఎక్కడిదో తడబడుతూ చెప్పింది. ఆయన కోప్పడతాడని ఎదురుచూసింది. ఆయన స్టూలు తుడిచి ఆమె ముందుకు జరిపాడు.

“అలాగా తల్లీ! ఆ చూపు చూసి నాకే అనుమానం పట్టుకుంది. ఆ వారం నిజంగా రోజూ కలిపానా, ఒకరోజు మర్చిపోయానా అని. ఇప్పుడు పొద్దున్న కలిపి కూడా మళ్లీ వచ్చి చూసుకుంటున్నా.”

ఆమె నలభై సెకన్లు చూపించింది. ఆయన రెండుసార్లు చూశాడు.

“నేనే! చొక్కా చిరుగు కూడా కనబడుతోంది. ఒక్కసారి ఇంట్లోకి రామ్మా, మా ఆవిడక్కూడా చూపించు. మా కుళాయి నేరుగా ట్యాంకుదే, ఆ పైపుతో పని లేదు. ముప్పై ఏళ్లు పచ్చినీళ్లే తాగాం. మీది చూసిన మర్నాటి నుంచి నీళ్లు కాస్తోంది. ఒక్క మాటనదు, కాస్తోంది అంతే.”

ఇల్లు పంపుహౌస్ వెనుకనే. పొయ్యి మీద గిన్నె ఉంది. ఆయన భార్య కళ్లజోడు వెతుక్కొని, తెరకు దగ్గరగా వంగి, కడదాకా చూసింది. భర్తవైపు చూడలేదు, కత్తెరనే అడిగింది.

“ఇది మీ దగ్గర అప్పుడే ఉందా?”

“ఉందండీ.”

“మరెందుకు వెయ్యలేదమ్మా?”

“ఎవరూ చూడరనుకున్నానండీ.”

“నేను చూసేదాన్నిగా” అంది ఆవిడ.

కత్తెర తిన్నగా ఆఫీసుకు వెళ్లి, ఆ చూపునూ, దించుకొన్న తలనూ తీసివేసి, నలభై సెకన్లనూ ఒక్క ఫ్రేము తగ్గించకుండా చేర్చింది. నిడివి సరిపోవడానికి పెద్దాయన సముద్రపుటొడ్డున నడిచే అందమైన ముగింపును కోసింది. ఆయన రెండు వారాలు ఆమెతో మాట్లాడలేదు. ఆదివారం అది ప్రసారమైంది. నెల తిరిగేసరికి విచారణ ఆగింది. నేను సంతోషించి ఫోను చేస్తే ఆమె ఒకటే అడిగింది.

“మొదటిసారి చూసినవాళ్లంతా రెండోసారి చూస్తారా అక్కా?”

ఆ ఇంట్లో నీళ్లు కాయడం మానేశారా అని అడిగాను. తెలియదంది. రెండుసార్లు పంపుహౌస్ దాకా వెళ్లి, అడగడానికి నోరు రాక తిరిగి వచ్చేసిందట.