కొండగట్టు దారిలో ఆగిన లారీ

నా చిన్నప్పుడు మా ఇంట్లో మనుషులతో సమానంగా ఒక పాత లారీ కూడా బతికేది. అది మా చిన్నాయనది. మా తాతయ్యకు దాని పొడ గిట్టేది కాదు. కొడుకు లారీ వదిలేసి మందమర్రి బొగ్గుబాయిలో పనికి కుదరాలని ఆయన పట్టు.

ఒక యేడు దసరాకు చిన్నాయన లారీని కడిగి నిలబెడితే, మా నాయనమ్మ పూజ చేసింది. చక్రాలకు, దీపాలకు, కనిపించిన ప్రతి మూతకూ ముద్దగా పసుపు పూసి బొట్లు పెట్టింది. మరునాడు పొద్దున అందరం అందులోనే కొండగట్టుకు బయలుదేరాం. చొప్పదండి దాటిన కాసేపటికి లారీ దగ్గినట్టు ఊగి ఆగిపోయింది. మళ్ళీ స్టార్టు కాలేదు.

తాతయ్య దిగి చేతికర్రతో టైరును పొడిచాడు.

"పండుగ తెల్లారే నడి తొవ్వల నిలవెట్టింది! రేపే అమ్మిపారేస్త. నువ్వు బాయి పనికి పోతవ్, గంతే!"

"జర ఊకో. దేవుని దగ్గరికి పోతూ గవేం మాటలు?" అంది నాయనమ్మ.

చిన్నాయన బోల్టులు విప్పే పానాల జోలికి పోలేదు. తాళం తిప్పి ఇంజను తిరుగుతున్న చప్పుడు విన్నాడు. బ్యాటరీ బాగానే ఉంది. నన్ను వెనక్కి పంపి పొగగొట్టం చూడమన్నాడు.

"పొగ వస్తుందా బిడ్డా?"

"వస్తలేదు చిన్నాయనా!"

అంటే ఇంజనులోకి డీజిల్ చేరడం లేదు. "మొన్నటిదాక మంచిగనే నడిచింది. నడుమల ఏం మారింది?" అని గొణుక్కుంటూ లారీ చుట్టూ నెమ్మదిగా తిరిగాడు. డీజిల్ ట్యాంకు దగ్గర ఆగి మూత తిప్పాడు. సుయ్యిమంటూ ట్యాంకు గాలి పీల్చుకుంది.

ఆ మూతకు గాలి ఆడే సన్నని రంధ్రం ఉంటుంది. పసుపు ఎండి అది మూసుకుపోయింది. డీజిల్ బయటికి పోయే కొద్దీ ఆ జాగాలోకి గాలి రావాలి, రాకపోతే డీజిల్ కదలదు. ఈ సంగతి నాకు చాలా ఏళ్ళకు, గ్రంథాలయంలో ఒక మోటారు పుస్తకం చదివినప్పుడు పూర్తిగా అర్థమైంది. బడి చదువు ఏడో తరగతితో ఆగినా, పుస్తకాల చదువును నేను ఆగనివ్వలేదు. ఆ పేజీ చదువుతుంటే చిన్నాయన చెవి ఎంత గొప్పదో తెలిసి ఒళ్ళు పులకరించింది.

చిన్నాయన, నాయనమ్మ గాజుకు వేలాడే పిన్నీసు అడిగి తీసుకుని రంధ్రం పొడిచాడు. డీజిల్ గొట్టంలో చేరిన గాలి పోయేందుకు ఇంజను పక్కనున్న చేతిపంపు కొడితే ముందు బుడగలు వచ్చాయి, తర్వాత తేటగా డీజిల్ వచ్చింది. తాళం తిప్పగానే లారీ ఒక్క ఊపున లేచింది.

"ఏమైందిరా దీనికి?" అన్నాడు తాతయ్య.

చిన్నాయన పిన్నీసుకు అంటిన పసుపును లుంగీకి తుడిచి నాయనమ్మకు ఇచ్చేశాడు. "నేనే మూత సరిగ చూస్కోలే బాపు. తప్పు నాది, బండిది కాదు."

తాతయ్య కొడుకును ఎగాదిగా చూశాడు. "చూస్కునుడు రాదుగని, బాగుచేసుడైతే వచ్చింది. నడువ్!" అని ఎక్కి కూర్చున్నాడు. లారీ అమ్మే మాట మళ్ళీ ఎత్తలేదు.

ఇప్పుడు మా ఇంట్లో బోరు మోటారు మొరాయించినా, మనుమరాలు అలిగి మూల కూర్చున్నా, నిన్నటికీ ఇవాళకూ నడుమ ఏం మారిందో ముందు వెతుకుతాను. కారణం దొరికాక, ఇందులో ఎవరి చేయి ఉందని అడగబోయి ఆగుతాను. చాలాసార్లు అది ప్రేమతో పెట్టిన చేయే అయి ఉంటుంది.