కాజీపేట రన్నింగ్ రూమ్ దాకా

కాజీపేట మా కొత్తవాడకు దూరమేమీ కాదు. బస్సులో ఎన్నోసార్లు దాటి పోయాను గానీ పని మీద దిగింది లేదు. మొన్న శుక్రవారం దిగాల్సి వచ్చింది మా మనవరాలు శ్రావణి కోసం. రైలింజనులో డ్రైవరు పక్కన అసిస్టెంటు నౌకరీ దానిది. ఉండేది బల్లార్షాలో. రెండు నెలలుగా సెలవు దొరికినా ఇంటికి రాలేదు. ముందు రోజు మధ్యాహ్నం నుంచి ఫోను కూడా కలవలేదు. దానితో గదిలో ఉండే పిల్లకు ఫోను చేస్తే, "రన్నింగ్‌ల ఉన్నది అవ్వా" అంది. తెల్లవారి చేస్తే, "కాజీపేట రన్నింగ్ రూమ్‌ల ఉంటది" అంది.

మూడో తరగతితో బడి మానినదాన్ని. రన్నింగ్ అంటే ఉరుకుడు అని ఒక్కటే తెలుసు. రాత్రంతా బండి మీద ఉన్న పిల్లను పొద్దున గదిలో పెట్టి ఉరికిస్తారా? అట్లాంటి నౌకరీ మనకు వద్దు, తోలుకొచ్చేద్దామని జొన్నరొట్టెలు, వంకాయ కూర డబ్బాలో పెట్టుకున్నాను. మా కొడుకు సదానందం జంపఖానా మగ్గం మీద నుంచి తల ఎత్తకుండానే, "ఊకె ఫికర్ పెట్టుకోకే అమ్మా" అన్నాడు.

ఆటో దండగని బస్టాండు దాకా నడిచాను. ఏడున్నరకు బస్సు కదిలింది. ఆధార్ కార్డు చూపిస్తే ఆడవాళ్లకు టికెట్టు ఉత్తదే. పోయేవాళ్లు కార్డు మరవకండి.

నా పక్కన కూర్చున్నామె హనుమకొండలో చీరెల దుకాణంలో పనిచేస్తుందట. "రన్నింగ్ అంటే ఏంది బిడ్డా?" అని అడిగాను.

"చీరెకే జాకెట్టు ముక్క కలిసొస్తది సూడు పెద్దమ్మా, అది రన్నింగ్ బ్లౌజ్. వేరే కొనే పనుండది."

వేరే కొనే పని లేకపోవడం మంచిదే. కానీ మా పిల్లకూ జాకెట్టు ముక్కకూ పొంతన కుదరలేదు. ముందు సీటులో ఒళ్లో కంప్యూటరు పెట్టుకున్న అమ్మాయి వెనక్కి తిరిగి, "నా ప్రోగ్రామ్ రాత్రి సంది రన్ చేస్తాన, అయితనే లేదు" అంది. చూస్తే ఆ కంప్యూటరు ఉన్నచోటనే ఉంది. వివరంగా అడుగుదామని లేచాను. "రన్నింగ్‌ల లేవకే అవ్వా, పడ్తవ్" అని కండక్టరు కసిరాడు. ఉరికేది బస్సు, కోపం నా మీద.

ఎనిమిదిన్నరకు కాజీపేటలో దిగాను. దారి అడగాలి కదా అని ఒక చాయ్ తాగాను. గల్లాపెట్టె ముందు కుర్చీలో వాలి ఉన్న ముసలాయన, "ఈ హోటల్ నేనే రన్ చేస్తాన" అని చెప్పి, చెయ్యి మాత్రం ఎత్తి దారి చూపించాడు. నా అయోమయం ఇంకాస్త పెరిగింది.

రన్నింగ్ రూమ్ గేటు దాటాను. ఎక్కడా చప్పుడు లేదు. కిటికీలకు మందపాటి తెరలు. వరండా ముందు చెప్పులు, బూట్లు. ఇద్దరు మనుషులు వట్టికాళ్లతో నడుస్తూ గుసగుసలాడుతున్నారు. మా వాడలో పగటిపూట మగ్గాల చప్పుడు ఆగిందంటే ఎవరో పోయినట్టే. శవం లేచేదాకా ఏ ఇంట్లోనూ మగ్గం తొక్కరు.

వరండాలో కాపలా ఉన్నతని దగ్గరికి పోయి, "ఎవలు పోయిండ్రు కొడుకా?" అన్నాను.

"ఎవలు పోలేదవ్వా. జర మెల్లగ మాట్లాడు, డ్రైవర్లు పండుకున్నరు."

"రన్నింగ్ రూమ్ అన్నరు?"

"గిదే. రైలు నడిపేటోళ్లు రన్నింగ్ స్టాఫ్. ఆళ్లు పండుకునే జాగ ఇది."

శ్రావణి పేరు చెప్పి, ఫోను కలవట్లేదన్నాను. తెల్లవారుజామున దిగిందట. అన్నం కూడా తినకుండా పడుకుందట. "ఇంజన్ల ఫోన్ బంద్ పెట్టాలె. మళ్ల తెరువ యాద్ మర్సినట్టున్నది" అన్నాడు.

"లేపు."

"లేపరాదవ్వా. పగటాల్ల మళ్ల బండెక్కాలె. నిద్ర సాలకుంట ఎక్కితే అందరి పానం మీదికొస్తది."

పగటి నిద్ర ఇంటికి దరిద్రమని నేను ఇన్నేళ్లూ తిడుతూ వచ్చింది ఆ పిల్లనే. బల్ల మీద కూర్చున్నాను. ఉల్లిగడ్డల బండివాడు మైకు పెట్టుకుని వస్తే, నేనే గేటు దాకా పోయి బంద్ చేయించాను.

పన్నెండు దాటాక కాపలా మనిషి పోయి తలుపు తట్టి లేపాడు. శ్రావణి తల దువ్వుకుని, భుజాన సంచీతో వచ్చింది. "ఏమైంది నానమ్మా, గిట్లొచ్చినవ్?"

"రెండు నెలలాయె, ఇంటికెందుకు వస్తలేవే? ఈ నౌకరీ వద్దు, నడువు."

అది డబ్బా మూత తీసి రొట్టె తుంచింది. "నౌకరీ మంచిగనే ఉన్నది. ఇంటికొస్తేనే నిద్ర ఉండది. ఆరింటికే నువ్వు దుప్పటి గుంజుతవ్. నాయిన మగ్గమేమో నెత్తి మీద కొట్టినట్టుంటది. రాత్రంతా సిగ్నళ్లు సూసిన కండ్లాయె."

"ఆ ముచ్చట ముందే సెప్పద్దా?"

"మగ్గం బంద్ పెట్టుమని నిన్ను అడుగుడా?" అని నవ్వింది.

నవ్వు రాక, "కూర మిగల్చకు" అన్నాను.

అది డ్యూటీకి పోయాక తిరుగు బస్సు ఎక్కాను. వంతెన కింద గూడ్సు బండి పోతుంటే ఇంజను వైపు చూశాను. లోపలి మనిషి కంటికి ఆనలేదు. రన్ అనే మాటకు అన్ని అర్థాలు ఎందుకో ఇప్పటికీ తెలియదు. బండికీ, హోటలుకూ, కంప్యూటరుకూ, జాకెట్టు ముక్కకూ ఒక్క మాటతోనే సర్దుకున్నారంటే ఇంగ్లీషువాళ్లది నాకంటే పొదుపు.

మూడున్నరకు ఇల్లు చేరాను. మగ్గం చప్పుడు గల్లీ మొదట్లోనే వినిపించింది. నిజమే, నెత్తి మీద కొట్టినట్టే ఉంది. "పిల్ల ఇంటికొచ్చిన దినం మగ్గం బంద్" అన్నాను.

సదానందం ఈసారి తల ఎత్తాడు. "బంద్ పెడితే ఎవలో పోయిండ్రనుకుంటరే అమ్మా."

"అనుకోనియ్. అడుగ వచ్చినోళ్లకు వాకిట్లనే నేను సెప్త, జర మెల్లగ మాట్లాడుండ్రి, పిల్ల పండుకున్నదని."