గోడ మీద వేట

మా దీవిలోని అబర్డీన్ బజార్‌లో చెప్పుల కొట్టు పైన మా సంస్థకు ఒక్క గది ఉంది. అక్కడ బొమ్మలు నేర్పుతాం, సముద్రపు ఒడ్డు శుభ్రం చేసేవాళ్లను పోగుచేస్తాం, పేదవాళ్లకు అన్యాయం జరిగితే వాళ్ల తరఫున ఆఫీసుల చుట్టూ తిరుగుతాం. రెండు పడవల మీద కాళ్లు పెడితేనే మునుగుతారంటారు, మేం మూడింటి మీద పెట్టాం. నాకిదొక పిచ్చి అని మా ఇంట్లోవాళ్లు మా పేట లంబాలైన్ అంతా చెప్పుకుంటారు. నేను ఆదివారాలు తెలుగు అక్షరాలు నేర్పుతాను. వచ్చేవాళ్లంతా ఇక్కడే పుట్టి హిందీలో చదువుకున్నవాళ్లు. తెలుగు గలగలా మాట్లాడతారు, చదవమంటే మాత్రం తల దించుకుంటారు.

వాళ్లలో ఒక జాలరివాళ్ల కోడలు ఉంది. అత్తవారిది శ్రీకాకుళం వైపు. వాళ్లుండే జాలరిపేటలో తెలుగు చదవగలిగినవాడు ఆమె మామగారొక్కడే. తల్లీ తండ్రీ లేని పిల్ల కావడంతో ఆ ముసలాయనే ఆమెకు పుట్టిల్లు. కన్నకొడుకుతో కూడా అంతగా మాట్లాడడనీ, తనతో మాత్రం సముద్రం కబుర్లన్నీ చెబుతాడనీ మురిసిపోయేది.

చలికాలంలో వాళ్లు పడవలు దించే ఒడ్డుకే తాబేళ్లు గుడ్లు పెట్టడానికి వస్తాయి. అక్కడి ఐసు షెడ్డు గోడ మీద తాబేళ్ల బొమ్మలు వేసి, కింద మూడు భాషల్లో ఒక వాక్యం రాయించాలని సంస్థ అనుకుంది. నేను ఆ వారం ఆఫీసు పని మీద మాయాబందర్‌లో ఉన్నాను. హిందీలో శికార్ మనా హై అని ఉంటే, హైదరాబాద్ నుంచి వచ్చిన చిత్రకారుడు దాన్ని ‘ఇక్కడ వేట నిషేధం’ అని తెలుగు చేసి కాగితం మీద రాసిచ్చాడు. రంగులు వేసే పని ఆమెది. అక్షరాలు కూడబలుక్కోవడమే ఇంకా రాని మనిషి, వాటిని చదవలేదు. బొమ్మ దించినట్టు ఒక్కోటీ చూసి దించింది. ముత్యాల్లా కుదిరాయని అందరూ మెచ్చుకున్నారట.

మా జాలర్లకు వేటంటే చేపల వేటే. ఫలానావాడు వేటకెళ్లాడంటే తుపాకీ పట్టుకుని అడవికి పోయాడని ఎవరూ అనుకోరు. పొద్దున్నే వలలతో దిగినవాళ్లకు మామగారు గోడ మీది మాట చదివి వినిపించాడు. సర్కారు ఒడ్డు తీసేసుకుందన్నారు. ఒక్క పడవా కదల్లేదు. రాసిందెవరని చూస్తే ఆయన కోడలే. నోటికాడి కూడు తీసిందని ఆడవాళ్లు ఆమె మొహం మీదే అన్నారు.

నేను తిరిగొచ్చి ఇంటింటికీ వెళ్లి నచ్చజెప్పాను. పడవలు కదిలాయి గానీ ముసలాయన కదల్లేదు. పదిమందిలో తల తీసేసినట్టయిందన్నాడు. కోడలు పెట్టిన అన్నం తినేవాడు, లేచిపోయేవాడు, ఒక్క మాట లేదు. ఆ పిల్ల చిక్కి సగమైపోయింది.

గదిలో మీటింగు పెట్టారు. మాట తప్పు కాదనీ, నిఘంటువులో ఉందనీ చిత్రకారుడు వాదించాడు. నిఘంటువు వల వేసుకుని బతకదు కదా అన్నాను, ఆయనకు కోపమొచ్చింది. చివరికి ముందు ‘తాబేళ్ల’ అని చేరిస్తే సరిపోతుందని తేల్చారు. అందరూ టీ కప్పులు అందుకున్నారు. అప్పటిదాకా గుమ్మం దగ్గర నిలబడిన ఆ కోడలు నావైపు తిరిగి ఆ వరస తీసేయమంది.

“వో లైన్ హటా దో దీదీ. మావోళ్లు తాబేళ్లని సంపుతారని రాత్తే మా మామ ఇంక బతకడు. వల్లో పడితే పసుపూ బొట్టూ ఎట్టి సంద్రంలో ఒగ్గేత్తాడు.”

న్యాయం గురించి అన్ని పాఠాలు చెప్పే మా గదిలో, ఆ గోడ ఎవరి ఒడ్డు మీద ఉందో వాళ్లనొక మాట అడగాలని ఎవరికీ తోచలేదు. నాకూ తోచలేదు.

మర్నాడు ఆమే సున్నం కొట్టి ఆ వరస చెరిపేసింది. ఈసారి ఎవరూ రాసివ్వలేదు. తాబేలు వస్తుంది, దారి వదలండి అన్న మాటను తన యాసలోనే రాస్తానంది. నేను పక్కనే నిలబడ్డాను. ఒక్కో అక్షరం పైకి పలుకుతూ రాసింది.

‘తాబేలొత్తాది. దరి ఒగ్గండి.’

దీర్ఘం మర్చిపోయింది. దారి కాస్తా దరి అయింది. ఒడ్డు వదిలి పొమ్మని మళ్లీ రాసిందన్నమాట. చెప్పబోయేలోగా వెనక నుంచి గొంతు వినిపించింది. మామగారు, భుజాన వలతో.

“దరి ఒగ్గీసి ఎక్కడికి పోతామే? దీర్ఘమెట్టు.”

అన్నాళ్ల తర్వాత ఆమెతో ఆయన అన్న మొదటి మాట అది. విసుగ్గానే అన్నాడు. ఆమె వెనక్కి తిరగలేదు, గోడకు నుదురు ఆనించి వెక్కివెక్కి ఏడ్చింది. నుదుటికి పచ్చి సున్నం అంటుకుంది. ఆయన వల దించి, ఆమె ఏడుపు ఆగేదాకా అక్కడే కూర్చున్నాడు. తర్వాత ఆమె దీర్ఘం పెట్టింది.