హుకుంపేట గోడ మీద నూట ఇరవై ఏడు

లక్ష్మీప్రసాద్‌కు తెలియని సంగతి ఈ భూమి మీద లేదు. ఈ మాట అన్నది మరెవరో కాదు, లక్ష్మీప్రసాదే. చోడవరం వైపు నుంచి వచ్చి హుకుంపేటలో సెల్‌ఫోన్ కొట్టు పెట్టిన నాటి నుంచీ ప్రశ్న ఆయనదే, జవాబూ ఆయనదే. "ఈ ఏడు సలెక్కువా? ఎక్కువే. నాను ముందే సెప్పానా? సెప్పాను." ఎదుటివాడు నోరు తెరిచేలోగా సంభాషణ ముగిసిపోయేది. లంబసింగి చలికి ఫోన్లో సిగ్నల్ గడ్డకట్టుకుపోతే, తాను చంకలో పెట్టి కరిగించి, ఒక కలెక్టరు చేత ఆయన భార్యతో మాట్లాడించానని కూడా చెప్పేవాడు. ఆ భార్య ఏమందో మాత్రం ప్రతిసారీ మారిపోయేది.

అలాంటివాడి చేతికి కాఫీ రైతుల సొసైటీ రెండు లినక్స్ కంప్యూటర్లు అప్పగించింది. రైతుల పేర్లన్నీ ఉన్న మొదటిది ఆఫీసు గదిలో. రెండోది పెరటి షెడ్డులో, కాటా పక్కన. కాటా దగ్గరిది ఆఫీసుదాన్ని దాని ఐపీ అడ్రస్‌తో, అంటే దాని నంబరుతో, పిలిచి పలికిస్తేనే రైతుకు చీటీ వస్తుంది. చీటీ వస్తేనే పండు తొక్క తీసే మిషన్‌లోకి వెళుతుంది. కోసిన కాఫీ పండు ఆ రోజే మిషన్‌లో పడకపోతే పులిసి కంపు కొడుతుంది.

"సంత రోజుకల్లా రెండూ మాటాడుకోవాల పెసాదూ! అలగయితే ఇంచార్జి కుర్సీ నీదే. నేకపోతే కొట్టు కాడికి ఎలిపో" అన్నాడు ప్రెసిడెంటు సోమన్న.

లక్ష్మీప్రసాద్ అప్పటికే 'సిస్టమ్ ఇన్‌ఛార్జ్' అని బోర్డు రాయించి, కొట్టులో బిస్కెట్ల అట్టపెట్టె వెనక దాచి ఉంచాడు.

ఆఫీసు కంప్యూటర్ ముందు కూర్చుని, నల్ల తెర తెరిచి, దాని నంబరేదో చూపించమని ip addr అని కొట్టాడు. తెర నిండా అక్షరాలు దిగాయి. మొదటి వరసలో lo అని ఉంది, దాని కింద 127.0.0.1. ఆ తరవాత రెండోది, మూడోది కూడా ఉన్నాయి. పెళ్లి భోజనంలో మొదటి వడ్డనకే లేచిపోయేవాడిలా ఆయన అక్కడితో సరిపెట్టుకున్నాడు. మొదట వచ్చింది మొదటిరకం కాక మరేమిటి!

ఈ కొండల్లో దోమల మందు కొట్టేవాళ్లు మందు కొట్టిన తేదీని ఇంటి గోడ మీదే రాసిపోతారు. గోడ మీది రాతకు ఉన్న మర్యాద ఇక్కడ కాగితానికి లేదు. అది కనిపెట్టిన లక్ష్మీప్రసాద్ పెయింటర్ని పిలిచి, షెడ్డు గోడ మీద ఆ తేదీల కిందే, ఎర్ర రంగుతో, మూరెడు అంకెలతో 127.0.0.1 అని రాయించాడు. హుకుంపేటకు ఢిల్లీ నుంచి ఖాయం చేయించుకొచ్చిన నంబరని చాటించాడు. కాటా కంప్యూటర్లో అదే నంబరు ఎక్కించి, అవతలిది పలుకుతుందో లేదో ping కొట్టి చూశాడు. వరసగా జవాబులు, రెప్పపాటైనా పట్టకుండా! టైడాలో ఆగే రైలుకు ఈ వేగం ఉంటేనా అనుకుని, మురిసిపోయి, ఇంటికెళ్లి నిద్రపోయాడు.

సంత రోజు షెడ్డు ముందు పండు బస్తాలు బారులు తీరాయి. చీటీ మాత్రం రాలేదు. ఆఫీసు దొరకడం లేదని తెర మీద ఎర్రటి అక్షరాలు.

"ఏటి సావుకారూ, మా పండు పులిసిపోతంది, బేగి సూడు!" అంది ముందు నిలబడ్డ కనక.

లక్ష్మీప్రసాద్ ping కొట్టాడు. జవాబు వచ్చింది. "నెట్‌వర్క్ బంగారం! తప్పు మీ తడి బస్తాలది. ఆ సెమ్మ కరెంటుని లాగేత్తంది."

బస్తాలు దూరం జరిపారు. చీటీ రాలేదు. షెడ్డులో తిరిగే కోళ్లను తోలించాడు. అప్పుడూ రాలేదు.

కాటా దగ్గర తూకం చూసే డిగ్రీ పిల్ల సోని అప్పటిదాకా గడ్డం కింద చెయ్యి పెట్టుకుని చూస్తోంది. "సావుకారూ, ఆపీసు నుంచొచ్చిన ఆ తీగ పీకేసి మల్లీ కొట్టు ఓపాలి" అంది.

"నాకే సెప్తన్నావేటే గుంటా!" అంటూనే పీకి కొట్టాడు. జవాబు వచ్చింది. ఆయన ముఖం వెలిగిపోయింది. చేతిలో తీగను పైకెత్తి జనానికి చూపించాడు. "సూసేరా! తీగ నేకపోయినా పలుకుతంది! అదీ నా పనితనం!"

బస్తాల వరస మొత్తం ఒక్కసారిగా గొల్లున నవ్వింది. ఎందుకో ఆయనకు అర్థం కాలేదు.

"అది పెతీ మిషనూ తనని తనే పిల్సుకునే నెంబరు సావుకారూ. కాటా కాడ పిలిత్తే కాటాయే పలుకుతాది. నీకు నువ్వే జవాబు సెప్పుకున్నట్టు" అంది సోని.

సోని తీగ మళ్లీ గుచ్చింది. ఆఫీసు గదిలోకి వెళ్లి అదే ip addr కొట్టి, ఆయన చూడకుండా వదిలేసిన రెండో వరస దాకా చూసింది. enp2s0 అని పేరు, తీగ పనిచేస్తోందని చెప్పే UP అనే రాత, కింద 192.168.1.20. అదే అసలు తీగ, అదే అసలు నంబరు. దాన్ని కాటా కంప్యూటర్‌కు ఎక్కించగానే కనక చీటీ చరచరా బయటికి వచ్చింది.

"పెసాదూ, ఇంక కొట్టు సూసుకో" అన్నాడు సోమన్న. కుర్చీలో సోని కూర్చుంది.

షెడ్డు గోడ మీద అంకెలు మాత్రం అలాగే ఉన్నాయి. సంతలో ఎవరైనా తనలో తాను మాట్లాడుకుంటే "వొరే నూటిరవైయేడూ!" అని పిలుస్తున్నారు. లక్ష్మీప్రసాద్ ఓడిపోయాడా? లేదు, ఆయన్నే అడిగి చూడండి. ఆయన బోర్డు ఇప్పుడు ఆయన కొట్టులోనే వేలాడుతోంది. దాని కింద కూర్చుని, తన కంప్యూటర్లో ఆ నంబరునే కొట్టి, వచ్చినవాడికల్లా చూపిస్తున్నాడు.

"పలికిందా? పలికింది. మరి తప్పు నాదా? కాదు."