ఆరు పుంజీలు, మీదొకటి

మా ఒకటో తరగతి టీచరమ్మ పోయారని మంగళవారం మధ్యాహ్నం కబురొచ్చింది. గాజువాకలో నేనిప్పుడు ఒకటో తరగతికే పాఠాలు చెబుతున్నాను. యాభై ఎనిమిది మంది పిల్లలు. కబురు విన్నాక కూడా గంట కొట్టేదాకా ఎక్కాలు చెప్పించాను. ఏడవడానికీ ఓపిక లేనంత అలసట ఈ మధ్య నాకు.

ఆ అలసట ఆవిడకి బాగా తెలుసు. డెబ్బైల మొదట్లో చేపల రేవు దగ్గర ఉండేది మా బడి. ఆవిడ మద్దిలపాలెం నుంచి రెండు బస్సులు మారి వచ్చేవారు. రాగానే చెప్పులు విడిచి, కాళ్లు చాపుకుని గోడకి చేరబడేవారు. అరిచి చెప్పే శక్తి ఉండేది కాదు. అందుకే పౌడరు డబ్బాలో చిల్లర తెచ్చేవారు. నలుచదరం ఐదు పైసలు, వంకీల అంచున్న రెండు పైసలు, పది పైసలు. గుప్పెడు చాప మీద పోసి, ఒక్క చూపు చూడనిచ్చి చేత్తో కప్పేసేవారు.

"ముందు సూసి సెప్పండి. ఆనక లెక్కెట్టండి" అనేవారు. మా అంచనా పలక మీద రాయించేవారు. లెక్క వేరేగా తేలితే చెరపబోయేవాళ్లం. చెరపనిచ్చేవారు కాదు. "ఉండనీ. ఎంత దూరం పోయావో తెలియాల కదా."

నేను నోరు విప్పేదాన్ని కాదు. ఒకటో తరగతి రెండోసారి చదువుతున్నా ఇరవై దాటి అంకెలు రాలేదు. రేవులో చేపలమ్మే మా అమ్మ ఒకరోజు బడికే వచ్చేసింది.

"ఈ గుంటకి లెక్క రాదు టీచరమ్మా. రేపట్నుంచి రొయ్యలు ఒలవడానికి తీసుకుపోతాను."

ఆ పనికెళ్లే మా అక్క వేళ్లు ఎలా ఉండేవో నాకు తెలుసు.

టీచరమ్మ లేవలేదు. డబ్బాలోంచి గుప్పెడు పోసి, కప్పేసి, "ఎన్నే?" అని నన్నడిగారు.

"ఆరు పుంజీలు, మీదొకటి" అన్నాను.

పిల్లలంతా నవ్వారు. పుంజీ అంటే నాలుగు. అమ్మ చేపలు లెక్కపెట్టేది అలాగే, బుట్ట పక్కన కూర్చుని నేను నేర్చుకున్నదీ అదే. బళ్లో అలా అనకూడదని తెలిసినా భయంలో వచ్చేసింది. ఆవిడ చెయ్యి తీసి బిళ్లలు నాలుగేసి జరిపారు. ఆరు కుప్పలయ్యాయి, ఒకటి మిగిలింది.

"దీనికి లెక్క రాదని ఎవులు సెప్పేరు నీకు? నీ లెక్క వచ్చేసింది. నా లెక్క నాను నేర్పుతాను, ఉండనీ" అన్నారు అమ్మతో.

అమ్మ చాప మీదికి కాసేపు చూసింది. ఖాళీ బుట్ట నెత్తిన పెట్టుకుని ఒక్కతే వెళ్లిపోయింది.

నేను బళ్లో మిగిలింది అలా. ఈ ఉద్యోగం ఆవిడ చలవే. అయినా ఆవిడ పోయిన కబురుకి ముందు వారం మా క్లాసులో ఒక పిల్ల ఏదో వంకర లెక్క రాస్తే, అడిగే ఓపిక లేక చెరిపేశాను. అది గుర్తొస్తే సిగ్గేస్తోంది.

పదకొండో రోజున సీతమ్మధారలో టీచరమ్మగారి అమ్మాయి ఇంటికి వెళ్లాను. ఆమె ఆ పౌడరు డబ్బా తెచ్చి నా చేతిలో పెట్టింది.

"ఆఖర్న అమ్మకి కళ్లు కనబడలేదు. తడిమి తడిమి ఇవే లెక్కెట్టుకునేది. ఇలాగే కట్టి ఉంచమంది. ఎందుకో సెప్పలేదు."

మూత తీశాను. పాత చీర ముక్కల్లో చిన్న చిన్న మూటలు. ఒకటి విప్పితే నాలుగు బిళ్లలు. మిగతావి విప్పలేదు. మొత్తం ఆరు మూటలు. వాటి మీద, విడిగా, వంకీల అంచున్న రెండు పైసల బిళ్ల ఒకటి.